సపోర్ట్ ఉద్యోగం నుంచి ఫ్రీలాన్స్ టెక్నికల్ రైటింగ్‌కి: రేటు ఎలా కట్టాలి, పని ఎక్కడ దొరుకుతుంది?

మియాపూర్_మెట్రో:
అందరికీ నమస్తే. గచ్చిబౌలిలో ఒక ప్రోడక్ట్ కంపెనీలో సపోర్ట్ ఇంజినీర్‌ని. టికెట్లతో పాటు నాలెడ్జ్ బేస్ ఆర్టికల్స్, రిలీజ్ నోట్స్ కూడా రాస్తాను. పైథాన్ చదివితే అర్థమవుతుంది, పోస్ట్‌మ్యాన్ (ఏపీఐలని, అంటే సాఫ్ట్‌వేర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే దారుల్ని, పరీక్షించే టూల్) బాగానే వచ్చు, గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్) అంతంత మాత్రం. ఫ్రీలాన్స్‌గా టెక్నికల్ రైటింగ్‌లోకి రావాలని ఉంది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫ్రేమ్‌మేకర్, రోబోహెల్ప్ అనే మాన్యువల్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు నేర్పిస్తామంటున్నారు. చేరమంటారా? ఫ్రీలాన్స్ సైట్లలో చూస్తే పదానికి రూపాయి, రూపాయిన్నర అంటున్నారు. ఆ లెక్కన ఏడాదికి 18 లక్షలు ఎప్పటికి వస్తాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డాక్స్_మేస్త్రి:
ముందు ఆ పదాల లెక్క వదిలేయండి. ఈ పనిలో 1,200 పదాల గైడ్‌ని 500కి కుదించడమే నైపుణ్యం. పదానికింత అని ఒప్పుకుంటే బాగా పనిచేసిన ప్రతిసారీ మీ డబ్బే తగ్గుతుంది. లోపల గంటల లెక్క వేసుకోండి, క్లయింట్‌కి మాత్రం మొత్తం ప్రాజెక్టుకి ఒకే ధర చెప్పండి.

గంట రేటు ఇలా తేలుతుంది. పన్నుకు ముందు 18 లక్షలు మిగలాలి. ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, హెల్త్ ఇన్సూరెన్స్, ఆడిటర్ ఫీజు కలిపి 3 లక్షలు వేసుకోండి. మొత్తం 21. పండగలూ జ్వరాలూ పోను ఏడాదికి 220 పనిదినాలు. రోజుకి బిల్లు వేయగలిగేది నాలుగున్నర గంటలు మించదు, మిగతా టైమంతా మెయిళ్లకీ, కొటేషన్లకీ, రావాల్సిన డబ్బు కోసం తిరగడానికీ పోతుంది. అంటే 990 గంటలు. గంటకి సుమారు 2,100 రూపాయలు. రోజుకి ఎనిమిది గంటలు బిల్లు చేస్తాననుకుని 1,000 రూపాయలకి దిగినవాళ్లే ఏడాది తిరక్కుండా మళ్లీ నౌకరీ సైట్ తెరుస్తారు.

ఇప్పుడు ఒక ప్రాజెక్టు చూద్దాం. 20 ఎండ్‌పాయింట్లున్న (ఒక్కో పనికి కాల్ చేసే అడ్రస్ ఒక ఎండ్‌పాయింట్) రెస్ట్ ఏపీఐకి డాక్యుమెంటేషన్. ఒక్కో ఎండ్‌పాయింట్‌ని కాల్ చేసి చూసి, పారామీటర్లు, రెస్పాన్స్, ఎర్రర్లు రాయడానికి రెండున్నర గంటలు, మొత్తం 50. అథెంటికేషన్, గెటింగ్ స్టార్టెడ్ పేజీలకి 14. పేజినేషన్, రేట్ లిమిట్, ఎర్రర్ కోడ్‌ల పేజీకి 8. రెండు రౌండ్ల రివ్యూకి 12. మొత్తం 84 గంటలు, దాని మీద ఇరవై శాతం వెసులుబాటు కలిపితే 100. ధర 2 లక్షల 10 వేలు.

అయితే ఆ రెండున్నర గంటల లెక్క ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఏపీఐ వివరాలన్నీ ఒక పద్ధతిలో రాసిన ఫైల్) శుభ్రంగా ఉంటేనే నిలుస్తుంది. అది లేకపోతే కోడ్ చదువుకోవాలి, పని రెట్టింపవుతుంది. అందుకే ధర చెప్పకముందే ఆ ఫైల్ చూపించమనండి, స్టేజింగ్ కీ (టెస్ట్ సర్వర్‌లోకి వెళ్లే కీ) ఎప్పుడిస్తారో, రివ్యూ చేసే ఇంజినీర్ ఎవరో అడగండి. మూడోదానికి 'టీమ్ చూస్తుంది' అన్నారంటే ఎవరూ చూడరనే అర్థం.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. ఫ్రేమ్‌మేకర్ చెడ్డదేం కాదు, పెద్ద పెద్ద హార్డ్‌వేర్ మాన్యువల్స్‌లో ఇప్పటికీ ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ ఫ్రీలాన్సింగ్‌కి మీకు కావాల్సింది మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్‌లో ఫార్మాటింగ్ రాసే పద్ధతి), గిట్, డాక్స్ వెబ్‌సైట్ తయారుచేసే డాక్యుసారస్ లేదా ఎంకేడాక్స్. గిట్‌లో బ్రాంచ్ తీయడం, పుల్ రిక్వెస్ట్ (మన మార్పుని కలుపుకోమని అడగడం) పెట్టడం, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులు ఢీకొనడం) విడదీయడం వస్తే చాలు. గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ వన్, టూ కోర్సులు ఉచితం. గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్, మైక్రోసాఫ్ట్ స్టైల్ గైడ్ పక్కన పెట్టుకోండి. స్టైల్ తప్పులు పట్టడానికి వేల్ అనే లింటర్ (తప్పులు వెతికే టూల్) ఉంది, అదీ ఉచితమే. ఎస్‌టీసీ (అమెరికాలోని టెక్నికల్ రైటర్ల సంఘం) సభ్యత్వం తీసుకోమని పాత సలహాలు కనబడతాయి, పట్టించుకోకండి. ఆ సంస్థ 2025 జనవరిలోనే మూతపడింది. రైట్ ద డాక్స్ అనే డాక్స్ రాసేవాళ్ల స్లాక్ గ్రూపులో చేరితే మేలు.

నమూనాలు మూడు చాలు: ఒక ట్యుటోరియల్, ఒక హౌ-టు, ఒక రిఫరెన్స్ పేజీ. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇన్‌స్టలేషన్ స్టెప్స్‌ని ఖాళీ డాకర్ కంటైనర్‌లో (ముందు ఏమీ ఇన్‌స్టాల్ చేయని, విడిగా ఉండే వాతావరణం) మొదటినుంచీ నడపండి. ఎక్కడ ఆగిపోతే అక్కడే మీకు పని దొరికినట్టు. అక్షర దోషాలు దిద్దిన పుల్ రిక్వెస్ట్‌కి విలువ లేదు. పాత పేజీ, కొత్త పేజీ, ఏం విరిగింది, ఎందుకు మార్చారు అన్నవి పక్కపక్కన చూపించండి.

'ఏఐతో రాయించుకుంటాం కదా' అనే క్లయింట్లు తగులుతారు. రాయించుకోనివ్వండి. లేని పారామీటర్‌ని ఉన్నట్టు రాసిన పేజీని నడిపి పట్టుకోవడానికే మనం. కొటేషన్‌లో 'ప్రతి కమాండ్, ప్రతి కోడ్ ముక్క నడిపి చూసి ఇస్తాం' అని ఒక లైను పెట్టండి.

జీనోమ్_వ్యాలీ_జీవి:
మేస్త్రి గారి లెక్క కరెక్టే కానీ ఈ ఊళ్లో ఉండి అందరూ ఏపీఐ డాక్స్ వెంటే ఎందుకు పడతారో నాకర్థం కాదు. చుట్టూ ఫార్మా ఉంది. రెగ్యులేటరీ రైటింగ్, అంటే సీటీడీ డాసియర్ (మందుకి అనుమతి కోరే ఫైలు) పని, ఫార్మసీ లేదా లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకే సరిపోతుంది, మీకు కష్టం. కానీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ వ్యాలిడేషన్ డాక్యుమెంట్లకి (సాఫ్ట్‌వేర్ అనుకున్నట్టే పనిచేస్తోందని రుజువు చేసే కాగితాలకి) సపోర్ట్ ఇంజినీర్ అతికినట్టు సరిపోతాడు. యూఆర్ఎస్ (యూజర్ అవసరాల జాబితా), ఐక్యూ, ఓక్యూ, పీక్యూ (ఇన్‌స్టాల్ సరిగ్గా అయిందా, పనిచేస్తోందా, అసలు వాడకంలో నిలుస్తోందా అని చూసే పరీక్షలు), ఎస్ఓపీలు (పని చేసే పద్ధతి రాసిన కాగితాలు). అమెరికాకి మందులు పంపే కంపెనీలైతే 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నిబంధన చదవాల్సిందే. ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాలు, ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో చూపే రికార్డు) అన్నీ అందులోనే.

ఇందులో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. టెస్ట్ స్టెప్‌లో ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ దగ్గర 'లాగిన్ సరిగ్గా పనిచేయాలి' అని రాస్తారు. ఆడిటర్ దాన్ని తిప్పికొడతాడు. 'తప్పు పాస్‌వర్డ్ ఐదుసార్లు ఇచ్చాక అకౌంట్ లాక్ అవ్వాలి, ఆ ఎంట్రీ ఆడిట్ ట్రెయిల్‌లో తేదీ, సమయం, యూజర్ ఐడీతో కనబడాలి' అని రాయాలి. ఆ స్టెప్ యూఆర్ఎస్‌లో ఏ నంబరు అవసరానికి సంబంధించిందో ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్‌లో చూపాలి.

ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ ఉంది. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే నియంత్రిత ఇంగ్లిష్‌లో రాస్తారు. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, వర్ణించే వాక్యం 25. ఈ రెండు రంగాల్లోనూ ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) గట్టిగా ఉంటుంది, చేసిన పని బయట చూపలేరు. కల్పిత యంత్రం ఒకటి పెట్టుకుని నమూనా తయారు చేసుకోవాలి.

లెక్కల_పంతులు:
పైన 21 లక్షలన్నారు, జీఎస్‌టీ మాట ఎవరూ ఎత్తలేదు. సేవలకి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. దేశంలోని క్లయింట్‌కి 18 శాతం వేయాలి, కంపెనీ అయితే దాన్ని క్రెడిట్‌గా తీసుకుంటుంది కాబట్టి గొడవపడదు. విదేశీ క్లయింట్ నుంచి విదేశీ మారకంలో డబ్బు వస్తే అది ఎగుమతి, పన్ను సున్నా. కానీ ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) వేసి ఉండాలి, అదీ ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా. ఏప్రిల్లో మర్చిపోతే 18 శాతం కట్టి రిఫండ్ కోసం తిరగాలి. ప్రతి చెల్లింపుకీ బ్యాంకు నుంచి రెమిటెన్స్ అడ్వైస్ తీసి దాచండి.

అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ ఫారం అడుగుతాడు, కంగారు పడకండి. మీరు అక్కడి పన్ను నివాసి కాదని చెప్పే కాగితం అది. ఇండియాలో కూర్చుని చేసిన పనికి అక్కడ పన్ను కోయనక్కర్లేదు.

ఇక్కడి కంపెనీలు డబ్బు ఆలస్యం చేస్తాయి, అదే అసలు బాధ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి, ఉచితం, ఆధార్‌తో అయిపోతుంది. 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2023-24 నుంచి ఇంకో మెలిక పెట్టారు: గడువులో కట్టకపోతే, కట్టేదాకా ఆ ఖర్చుని ఆదాయంలోంచి తగ్గించుకునే వీలు కంపెనీకి ఉండదు. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు కనబడితే అకౌంట్స్ వాళ్లు ఫైలు కదుపుతారు. కదలకపోతే ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ పోర్టల్ ఉంది.

రాబడిలో సగమే ఆదాయంగా చూపే ప్రిజంప్టివ్ పద్ధతి మనకి వర్తిస్తుందా అనేది ఆడిటర్‌నే అడగండి. చట్టంలోని వృత్తుల జాబితాలో టెక్నికల్ రైటర్ అనే పేరు లేదు, టెక్నికల్ కన్సల్టెన్సీ ఉంది. దాని కింద చూపేటప్పుడు ఒప్పందంలో పని వర్ణన కూడా అలాగే ఉండాలి.

మియాపూర్_మెట్రో:
ముగ్గురికీ థాంక్సండీ. ఇన్‌స్టిట్యూట్ ఆలోచన మానేశా. రెండు డౌట్లు. క్లయింట్‌ని ఎలా పట్టుకోవాలి? ఒప్పందంలో ఏముండాలి?

డాక్స్_మేస్త్రి:
రిలీజ్ నోట్స్ వారం వారం వస్తూ, డాక్స్ పేజీల్లో మాత్రం పాత వెర్షన్ నంబరే ఉన్న డెవలపర్ టూల్ కంపెనీలు వెతకండి. వాళ్ల క్విక్‌స్టార్ట్ నడపండి. ఎక్కడో ఒకచోట 401 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది, టోకెన్ ఏ హెడర్‌లో పెట్టాలో రాసి ఉండదు. ఆ తప్పు, దాని దిద్దుబాటు, మీ నమూనా లింకు. మెయిల్ అంతే, 120 పదాలు దాటొద్దు. హెచ్‌ఆర్‌కి కాదు, ఇంజినీరింగ్ మేనేజర్‌కి పంపండి. జర్మనీ, నెదర్లాండ్స్ వైపు కంపెనీలైతే మేలు, వాళ్ల ఉదయం పది మనకి మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. కాలిఫోర్నియా వాళ్ల ఉదయం తొమ్మిదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర.

ఒప్పందంలో పేజీల జాబితా పేర్లతో సహా ఉండాలి. 40 శాతం అడ్వాన్స్. రివ్యూ రెండు రౌండ్లు, ఐదు పనిదినాల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే. ఫలానా బిల్డ్ నంబరు దాకానే ఈ ధర, ఆ తర్వాత స్క్రీన్లు మారితే గంట రేటు. ఈ చివరిది లేకపోతే స్క్రీన్‌షాట్లు మళ్లీ మళ్లీ తీస్తూ కూర్చుంటారు. హక్కులు పూర్తి డబ్బు అందాకే బదిలీ.

ఇంకోటి, ఇప్పటి ఆఫర్ లెటర్ తీసి పక్క పనుల మీద నిషేధం ఉందేమో చదవండి. ఆఫీసులో రాసిన నాలెడ్జ్ బేస్ ఆర్టికల్స్ పబ్లిక్‌గా ఉంటే లింకు ఇవ్వొచ్చు. లాగిన్ వెనక ఉన్నవి మాత్రం నమూనాగా కాపీ చేయొద్దు.