పుట్టిన బిడ్డకి పెద్ద ప్యానెల్ స్క్రీనింగ్ చేయించాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా ఆవిడ డెలివరీ. బిడ్డ మడమ నుంచి రక్తం తీసి చేసే స్క్రీనింగ్ రెండు రకాలు ఉందన్నారు. చిన్నదాంట్లో థైరాయిడ్ లాంటివి నాలుగైదు, పెద్దదాంట్లో నలభైకి పైగా జబ్బులు చూస్తారట. మా రెండు వైపులా ఎవరికీ ఇలాంటివి లేవు. పైగా స్నేహితుడి పాపకి 'పాజిటివ్' అని చెప్పి, పది రోజుల తర్వాత ఏమీ లేదన్నారు. ఆ పది రోజులూ వాళ్లకి నిద్ర లేదు. ఈ టెన్షన్ మనకి అవసరమా?

జవాబు (పిల్లల డాక్టరు):
"మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్నదాన్ని నమ్ముకోకండి. ఈ జబ్బుల్లో ఎక్కువ భాగానికి తల్లిదండ్రులిద్దరూ వాహకులే తప్ప రోగులు కారు. ఇద్దరి దగ్గర్నుంచీ పాడైన జన్యువే బిడ్డకి చేరితే జబ్బు వస్తుంది. అలాంటి జంటకి ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం. చాలా ఇళ్లలో మొదటి కేసు ఆ బిడ్డే.

1960ల మొదట్లో అమెరికా డాక్టరు రాబర్ట్ గత్రీ ఫిల్టర్ కాగితం మీద ఆరిన రక్తపు మచ్చతో ఫినైల్‌కీటోన్యూరియాని (ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని ఒళ్లు అరిగించుకోలేని జబ్బు) పట్టుకున్నాడు. అప్పట్లో ఒక్కో జబ్బుకి ఒక్కో పరీక్ష. 1990లలో టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ (రక్తంలోని పదార్థాల్ని బరువుని బట్టి వేరుచేసి కొలిచే పద్ధతి) వచ్చాక ఒకే మచ్చలో పదుల కొద్దీ జబ్బుల జాడ దొరుకుతోంది. అయితే యంత్రం చూడగలిగినవన్నీ చూడాలని లేదు. ఇంగ్లండులో 2015లో ఐదు జబ్బుల జాబితాని తొమ్మిదికే పెంచారు. నలభై అన్న అంకె కన్నా మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి: రిపోర్టు ఎన్నో రోజున వస్తుంది? తేడా ఉంటే ఎవరు ఫోన్ చేస్తారు? ఆ తర్వాత ఏ డాక్టరు చూస్తారు? వీటికి సరైన జవాబు ఉంటే పెద్దదే చేయించండి.

జవాబు (ఒక తల్లి):
మా బాబుకి ఎంక్యాడ్ లోపం ఉందని ఇలాగే తెలిసింది. ఒంట్లో కొవ్వుని కరిగించి శక్తిగా మార్చుకోలేడు. రోజూ వేసే మందేమీ లేదు. ఎక్కువసేపు ఆకలితో ఉంచకూడదు, వాంతులు పట్టుకుంటే వెంటనే గ్లూకోజు ఎక్కించాలి. నిద్రపోయే బిడ్డని లేపకూడదని మా అత్తగారు గొడవ పెడుతున్నా, అలారం పెట్టుకుని మరీ లేపి పాలు పట్టాను. ముందే తెలియకపోతే ఏ జ్వరం రాత్రో షుగర్ పడిపోయేది. ఒక్క మాట: రక్తపు మచ్చ తీసుకునే కార్డు మీద మా ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు రాశారు. రిపోర్టు మూడు రోజులు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మీరు దగ్గరుండి చూసుకోండి.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
రక్తం బిడ్డ పుట్టి 24 గంటలు నిండాక, 72 లోపు తీయించండి. కడుపులో ఉన్నంతకాలం చెత్తంతా అమ్మ ఒళ్లే శుభ్రం చేసింది. పుట్టి పాలు తాగాకే అసలు తేడా రక్తంలో పేరుకుంటుంది. మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చాలి. ఒకే పెద్ద చుక్కతో కార్డు మీది వలయం నిండాలి, చుక్క మీద చుక్క వేస్తే లెక్క తప్పుతుంది. ఎండలో పెట్టి ఆరబెట్టకూడదు. రక్తం ఎక్కించాల్సి వస్తే అంతకుముందే శాంపిల్ తీయాలి.

మీ స్నేహితుడి సంగతి మాకు మామూలే. నెలలు నిండకపోయినా, సెలైన్‌లో పోషకాలు ఎక్కుతున్నా అంకెలు పెరుగుతాయి. తల్లికి బి12 తక్కువున్నా బిడ్డలో సి3 (ఈ పరీక్షలో కొలిచే ఒక పదార్థం) ఎక్కువ చూపిస్తుంది. అందుకే అవన్నీ కార్డు మీద రాయించండి. మొదటి పాజిటివ్ అంటే "మళ్లీ చూడాలి" అని మాత్రమే.

ప్రశ్న అడిగినవారు:
రిపీట్ టెస్ట్ వచ్చేదాకా పాలు ఆపేయాలా అండీ?

జవాబు (పిల్లల డాక్టరు):
మీ అంతట మీరు ఆపకండి. గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరని ఒళ్లు వాడుకోలేని జబ్బు) అనుమానం వస్తే మాత్రం తల్లిపాలు కూడా వెంటనే ఆపమని మేమే చెప్తాం. ఇంకోటి, రిపోర్టు నార్మల్ అని ధీమాగా ఉండకండి. కొన్ని యూరియా సైకిల్ లోపాలు (ఒంట్లో తయారయ్యే అమ్మోనియా విషాన్ని బయటికి పంపలేని జబ్బులు) ఈ వలలో చిక్కవు. బిడ్డ పాలు వదిలేసి మత్తుగా పడుకున్నా, ఆగకుండా వాంతులు చేసుకున్నా ఆస్పత్రికి తీసుకెళ్లి అమ్మోనియా చూడమని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ, పెద్దదే చేయిస్తాం. కార్డు మీద మా ఇద్దరి నంబర్లూ నేనే చదివి రాయిస్తాను. ఆవిడ బి12 కూడా రేపే చూపిస్తాం.