అమ్మానాన్నల అమెరికా ప్రయాణం: ఇన్సూరెన్స్‌లో భౌతికకాయం తరలింపు ఉంటుందా?

నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. ఆరు నెలలు ఉండడానికి డాలస్ వెళ్తున్నారు. పాలసీలో ‘మెడికల్ ఎవాక్యుయేషన్’, ‘రిపాట్రియేషన్ ఆఫ్ రిమెయిన్స్’ అని రెండు వరుసలున్నాయి. రెండూ ఒకటేనా?

జవాబు: కాదండి. మొదటిది బతికున్న రోగిని తగిన ఆసుపత్రికో, ఇంటికో చేర్చే ఖర్చు. డాక్టరు అవసరమని రాయాలి, ఇంటికెళ్లాలనిపించిందని ఇవ్వరు. రెండోది ప్రాణం పోయాక భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే ఖర్చు: ఎంబామింగ్ (శరీరం పాడవకుండా చేసే ప్రక్రియ), పెట్టె, విమాన కార్గో. అసలు చూడాల్సింది మినహాయింపుల పేజీ. పాత జబ్బు వల్ల పోతే ఈ ఖర్చు కూడా ఇవ్వని పాలసీలున్నాయి. షుగర్, బీపీ ప్రపోజల్ ఫారంలో దాచకండి, క్లెయిము అక్కడే పోతుంది.

ఇంకో జవాబు: ఎక్కువగా జరిగే పొరపాటు, కంగారులో ముందే ఫ్యునరల్ హోమ్‌కు (అంత్యక్రియల ఏర్పాట్లు చేసే సంస్థకు) డబ్బు కట్టేయడం. ఇన్సూరెన్స్ కార్డు మీదున్న అసిస్టెన్స్ నంబరుకు ముందు ఫోన్ చేయండి. వాళ్ల ఆమోదం లేని ఖర్చుకు చాలా కంపెనీలు ఇవ్వవు. కేసు నంబరు రాసుకోండి. భౌతికకాయం పంపాలంటే మరణ ధృవీకరణ, ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్టు, భారత కాన్సులేట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. పాస్‌పోర్టు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి. అక్కడే దహనం చేస్తే అస్థికల ఖర్చుకు పరిమితి వేరుగా ఉండొచ్చు, అడగండి.

మరో జవాబు: మీది అమెరికా ప్రయాణం కానీ, గల్ఫ్‌కు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టుతో పనికెళ్లేవాళ్లకైతే ప్రభుత్వ పథకం ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాద మరణానికి 10 లక్షలు. గుండెపోటు ప్రమాదం కిందకు రాదు, దయచేసి ఇది ఇంట్లోవాళ్లకు చెప్పండి. నిరుపేద కుటుంబమైతే ఎంబసీలో ఐసీడబ్ల్యూఎఫ్ (విదేశాల్లోని భారతీయుల సంక్షేమ) నిధికి అర్జీ పెట్టుకోవచ్చు.