ఆడంగులా, ఆడంగివాళ్ళా?

నెల్లూరు పాఠకుడు: 1901 నవంబర్‌లో మెక్సికో నగరంలో ఓ ఇంట్లో డాన్సాడుతున్న 41 మంది మగవాళ్ళను పోలీసులు పట్టుకున్నారు కదా, దాదాపు సగం మంది గౌన్లలో. ఆనాటి కరపత్రంలో పద్యం నోట్లో నానుతోంది: "ఆకీ ఎస్తాన్ లోస్ మరికోనెస్, మూయ్ చూలోస్..." మరికోనెస్ అంటే గే మగవాళ్ళని తిట్టే స్పానిష్ మాట. తర్వాతేంటి? తెలుగులో "ఇదిగో ఆడంగులు" అని మొదలెడితే సరేనా?

తెనాలి మాష్టారు: "...ఈ కోకెతోనెస్", అంటే వయ్యారాలు పోయేవాళ్ళు. మెక్సికో చిత్రకారుడు పోసాదా బొమ్మ వేసిన కరపత్రమది. ఆడంగులంటే ఆడవాళ్ళు నాయనా. "ఆడంగులంతా బండెక్కారు" అనమూ? నీక్కావలసింది ఆడంగి.

డాలస్ కోడలు: పిల్లి పిల్లులైనట్టు ఆడంగి కూడా ఆడంగులే అవుతుంది కదా మాష్టారూ. అయినా మరికోన్ పుట్టుకా అంతే. మరియాని ముద్దుగా మరీకా అంటారు, దానికి పెద్దది చేసే "ఓన్" తగిలించారు. ఆడపేరే మగాడికి తిట్టు. 2013లో వాళ్ళ సుప్రీంకోర్టు ఈ మాటకి వాక్ స్వాతంత్ర్యం వర్తించదంది. మీరేమో పద్యం కడుతున్నారు.

తెనాలి మాష్టారు: కట్టేది నేను కాదమ్మా, అడిగింది అతను.

కర్నూలు కుర్రోడు: మరి మగతనం చూపించుకునేవాణ్ణి అనే మాచో? అసలర్థం మగ జంతువు, అంటే మన పోతు. "మేకపోతు గాంభీర్యం" అన్నవాడికి మెక్సికో తెలిసే ఉంటుంది :) కొరీదో అనే మెక్సికో కథాగేయాల్లో ఈ మాట జోరందుకుంది 1940లలోనట. అప్పటి అధ్యక్షుడు ఆవిలా కమాచో. మాచో, కమాచో: ప్రాస కుదిరిందని జానపద పండితుడు అమెరికో పరేదెస్ ఊహ.

తెనాలి మాష్టారు: ప్రాస కాదు, అంత్యప్రాస. మగతనం గురించి చదవాలంటే సోర్ హువానా చదవండి. 17వ శతాబ్దపు సన్యాసిని, "తెలివిలేని మగవాళ్ళారా" అని ఎత్తుకుంటుంది. పాదానికి 8 అక్షరాలు, 4 పాదాలు. అచ్చం అనుష్టుప్పు!

కర్నూలు కుర్రోడు: ఆవిడ పద్యానికి అంత్యప్రాస ఉంది, అనుష్టుప్పులో ఎక్కడిది మాష్టారూ? ఇప్పుడేగా పాఠం చెప్పారు.

డాలస్ కోడలు: ఆ 41 మందిలో చాలామందిని యుకతాన్‌కి తోలేశారు. 42వ వాడు అధ్యక్షుడు దియాస్ అల్లుడని, పేరు మాయం చేశారని పుకారు. మనకి ఫోర్ ట్వంటీ ఎలాగో, వాళ్ళకి 41 అలా తిట్టయి కూర్చుంది.

నెల్లూరు పాఠకుడు: అయ్యా, కోకెతోనెస్‌కి ఏం రాయను? సోకులాడులు?

తెనాలి మాష్టారు: సోకులాడి ఆడదానికి. మగాడైతే సోగ్గాడు.

నెల్లూరు పాఠకుడు: పోసాదా బొమ్మలో గౌను తొడుక్కుని మీసం ఉంచుకున్నవాడికో?