ఫ్యామిలీతోని ఒక్క రోజు ట్రిప్, హన్మకొండ నుంచి కారుల, 2500 లోపల అయితదా?

హన్మకొండ_స్విఫ్ట్:
అన్నలూ అక్కలూ జర సలహా చెప్పుండ్రి. వచ్చే ఆదివారం ఇంటోళ్లను తీస్కొని పొద్దున పోయి రాత్రి వరకు వచ్చేటట్టు ఎటన్న పోదామనుకుంటున్నం. నేను, మా ఆమె, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేదు. కారు పాత స్విఫ్ట్, పెట్రోలు, హైవే మీద 16-17 ఇస్తది. పిల్లలేమో బొగత జలపాతం అని ఒకటే లొల్లి, మా ఆమెకు రామప్ప గుడి, నాకు లక్నవరం చెరువు. మూడు ఒక్కరోజే అయితయా? వెయ్యి స్తంభాల గుడి, ఖిలా, భద్రకాళి ఇంటి పక్కనే కాబట్టి అవి చెప్పకుండ్రి.

ములుగు_రోడ్డు:
మూడు కావు అన్నా. బొగత వాజేడు దిక్కు, ఏటూరునాగారం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కి పోవాలె, హన్మకొండ నుంచి దగ్గర దగ్గర 140 కిలోమీటర్లు, రానుపోను పెట్రోలుకే 1800 పైన పోతది, మీదికెల్లి అమ్మకు అంతసేపు కారుల కూసునుడు కష్టం. వాన బాగ పడితే జలపాతం కాడికి పోనియ్యరు కూడ, అంతదూరం పోయినంక గేటు కాడ ఆపితే పిల్లల ఏడుపు మీరే చూడాలె.

రామప్ప, లక్నవరం రెండు పెట్టుకోండ్రి, ఒకటే దారి. గూడెప్పాడ్ కాడ పరకాల దిక్కు మలగకుండ సీదా ములుగు, గట్టమ్మ కాడ కొబ్బరికాయ కొట్టి (ఈ రోడ్డు మీద బండి నడిపేటోళ్లెవ్వరు ఆమెకు మొక్కకుండ పోరు) జంగాలపల్లి కాడ ఎడమకు తిరిగితే రామప్ప గుడి ఉన్న పాలంపేట. మళ్ల హైవే ఎక్కి చల్వాయి దిక్కు పోయి లక్నవరం. మొత్తం 180 లోపే, పెట్రోలు 1200 అనుకో.

సద్ది_మూట:
హోటల్ల తినకపోతేనే పైసలు మిగుల్తయి. ఐదుగురికి రెండు పూటలు అంటే మీ పెట్రోలంత అయితది. పులిహోర, పెరుగన్నం, పిల్లలకు సర్వపిండి చేసుకపోండ్రి, సర్వపిండి సాయంత్రం దాక పాడుగాదు, చేతులు కూడ ఖరాబ్ గావు. కోతులతోని మాత్రం పైలం, టిఫిన్ డబ్బా బయట పెట్టి ఫోటోలు దిగుకుంట కూసోకుండ్రి.

గుడిబాట:
ముందు రామప్పనే, అది కూడ పొద్దుగాలనే పోండ్రి. గుడి అరుగు మనిషంత ఎత్తుంటది, దాని మీద చెప్పుల్లేకుండ తిరగాలె, ఎండ ముదిరినంక బండ కాల్తది, అమ్మ నిలవడలేదు. అరుగెక్కేటప్పుడు చెయ్యి పట్టుకుంటే సాలు, అంతకు మించి పెద్దగ మెట్లు లేవు. పిల్లలకు ఉత్తగ శిల్పాలు చూపెడితే ఐదు నిమిషాల్ల బోర్ అంటరు. గోపురం ఇటుకలు నీళ్ల మీద తేల్తయి, పునాది కింద ఇసుక పోసి కట్టిండ్రు అని చెప్పుండ్రి, అప్పుడు వాళ్లే ప్రశ్నలు మొదలువెడ్తరు. రేచర్ల రుద్రుడు 1213ల కట్టించిండు, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. దర్వాజల పక్కన నల్లరాతి నాగినిని, మదనికలను (నాట్యం చేసే ఆడోళ్ల శిల్పాలు) మీ ఆమెను నిదానంగ చూడనియ్యి, తొందరవెట్టకు. తిండికి పక్కనే రామప్ప చెరువు కట్ట ఉంది.

హన్మకొండ_స్విఫ్ట్:
మంచిగ చెప్పిండ్రు. మరి లక్నవరంల అమ్మ ఏం జేస్తది, ఆ ఊగే బ్రిడ్జి ఎక్కుతదా?

ములుగు_రోడ్డు:
ఎక్కకపోయినా ఏంగాదు, ఒడ్డున నీడకు కూసున్నా చెరువు మంచిగ కనవడ్తది. బోటింగ్ అందరికి ఎందుకు, మీరు పిల్లలు పోయి రాండ్రి, మీ ఆమె అమ్మ కాడ ఉంటది. కాకపోతే ఆదివారం జనం మస్తుంటరు, పార్కింగ్‌కే సతాయిస్తది. శనివారం లీవ్ దొరికితే అదే మేలు. చీకటి పడకముందే హైవే ఎక్కుండ్రి, లోపలి రోడ్డంత అడవి, పశువులు అడ్డమొస్తయి.

సద్ది_మూట:
అమ్మకు దూరం అనిపిస్తే నర్సంపేట మీదికెల్లి పాకాల చెరువు పోండ్రి, 50 కిలోమీటర్లే, పెట్రోలు సగం. బొగత మాత్రం పిల్లలు ఇంకింత పెద్దగయినంక.

హన్మకొండ_స్విఫ్ట్:
శనివారం లీవ్ అడిగిన, సారు సరే అన్నడు. రామప్ప, లక్నవరం ఫిక్స్. పిల్లలకు బొగత సంగతి మా ఆమెనే చెప్పాలె, నాతోని అయ్యే పని కాదు.