బంతిని ఒంటితో కాచుకోవడంలో మీరు చూసిన మొనగాడు ఎవరు?

పదో_నంబర్:
నిన్న నిద్ర పట్టక 2000 నాటి ఇంటర్‌కాంటినెంటల్ కప్ (యూరప్, దక్షిణ అమెరికా ఛాంపియన్ క్లబ్బుల పోటీ) మ్యాచ్ మళ్ళీ పెట్టుకున్నాను. టోక్యోలో అర్జెంటీనా క్లబ్ బోకా జూనియర్స్, స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్. ఆరు నిమిషాలకే బోకా ఫార్వర్డ్ పలెర్మో రెండు గోల్స్ కొట్టేశాడు. రెండోదానికి దూరం నుంచి బంతి అందించింది బోకా పదో నంబర్, అంటే మధ్యలో ఉండి ఆట నడిపించేవాడు, రికెల్మే. కాసేపటికే రియల్ తరఫున రొబెర్తో కార్లోస్ ఒకటి తిరిగి కొట్టాడు. అప్పటికి ఇంకా గంటంబావు ఆట మిగిలే ఉంది. ఆ గంటంబావూ ఊపిరాడనప్పుడల్లా బోకా వాళ్ళు చేసిన పని ఒక్కటే, బంతి తెచ్చి రికెల్మే కాళ్ళ దగ్గర పెట్టడం. వీపు మీద రియల్ ఆటగాడు మకెలెలే. అతను ఎటు నుంచి కాలు చాపితే అటు రికెల్మే నడుము అడ్డం. అరికాలితో బంతిని ఇటు దొర్లించి, అటు దొర్లించి, చివరికి ఫౌల్ తెచ్చుకుని లేచి నిక్కరు దులుపుకునేవాడు. 2–1తో కప్పు బోకాది.

నా లెక్కలో ఎవరైనా అతని తర్వాతే. మీ లెక్క చెప్పండి. మెస్సీ అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోకండి.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
మెస్సీ.

తార్నాక_కుర్రోడు:
అన్నా, నేను చూసినంతలో మూసా దెంబెలే. టాటెన్‌హామ్‌ల ఉన్నప్పుడు ముగ్గురు మీద పడ్డా బంతి ఇచ్చేటోడు కాదు. ఒళ్ళు గోడ లెక్క ఉండేది. రికెల్మే ఆగి కాచుకుంటడు, దెంబెలే నడుస్తూ కాచుకుంటడు. అది ఇంకా కష్టం.

లైన్స్‌మన్:
అందరూ మొనగాడు, మొనగాడు అంటున్నారు. అసలు నిబంధన ఏమంటుందో ఎవరైనా చూశారా? బంతికీ ప్రత్యర్థికీ మధ్య నిలబడటం తప్పు కాదు. కానీ బంతి నీ కాలికి అందే దూరంలో ఉండాలి. చేతులతోగానీ ఒంటితోగానీ ఎదుటివాణ్ణి నెట్టి ఆపకూడదు. బంతి దూరంగా ఉన్నప్పుడు ఒట్టినే దారికి అడ్డం నిలిస్తే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్, తగిలి ఆపితే డైరెక్ట్ ఫ్రీ కిక్. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బంతి అందే దూరంలో ఉంటే ఎదుటివాడు కూడా భుజంతో సక్రమంగా తోయవచ్చు. మీరు చెప్పే మొనగాళ్ళలో సగం మంది మోచెయ్యి పెట్టినవాళ్ళే.

స్టాపర్_బాబాయ్:
లైన్స్‌మన్ గారి నోట్లో చక్కెర పొయ్యాలి. నేను పదిహేనేళ్ళు స్టాపర్‌గా, అంటే గోల్ ముందు కాపలా కాసే డిఫెండర్‌గా ఆడాను. పెద్ద ఆటగాణ్ణి కాదులెండి, జిల్లా స్థాయే. మీరంతా బంతి కాచుకునేవాణ్ణి టీవీలో చూశారు. నేను వాడి వీపు చూశాను. పళ్ళలో ఒకటి కట్టుడుది, అదొక ఫార్వర్డ్ మోచెయ్యి ఇచ్చిన బహుమానం. రెఫరీ విజిల్ కూడా వేయలేదు.

సరే, అడిగారు కాబట్టి చెప్తాను. డాల్గ్లిష్. లివర్‌పూల్. మనిషి పొడగరి కాదు, పరుగూ అంతంతే. గోల్ వైపు వీపు పెట్టి, కాళ్ళు ఎడం చేసి, కాస్త కూర్చున్నట్టు వంగేవాడు. బలం భుజాల్లో కాదు బాబూ, తుంటిలో ఉంటుంది. వెనకవాడు మీద పడేదాకా ఆగి, వాడి బరువునే ఊతగా పట్టుకుని తిరిగిపోయేవాడు. వెనక నుంచి తోస్తే మనమే వాడికి సాయం చేసినట్టు. పైగా బంతి పక్కవాడికి అందేవరకే వాడి దగ్గర ఉండేది. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి నైజీరియా ఫార్వర్డ్ ఒగ్బెచే చేసిందీ అదే. పదిహేడేళ్ళకే 2002 వరల్డ్ కప్ ఆడినవాడు, ఇక్కడికొచ్చేసరికి ముప్పై ఆరు దాటాయి. పరుగు తగ్గింది, తుంటి తగ్గలేదు. 2021–22లో 18 గోల్స్.

ఒంటితో కాచుకోవడమంటే ఎవరికోసమో కాచడం. రికెల్మే తనకోసం కాచుకునేవాడు.

పదో_నంబర్:
బాబాయ్, ఈ చివరి వాక్యం ఎక్కడ చూసి రాశారు? 2000లోనే లిబెర్తదోరెస్‌లో (దక్షిణ అమెరికా క్లబ్బుల కప్పు) రివర్ ప్లేట్ మీద వాళ్ళ డిఫెండర్ యెపెస్ కాళ్ళ సందులోంచి వెనక్కి తిరిగే ఉండి అరికాలితో బంతి దాటించింది తనకోసమేనా? పక్కన గీత, వెనక మనిషి. ఇంకెవరైనా అయితే త్రో తెచ్చుకుని తృప్తి పడేవాడు.

లైన్స్‌మన్ గారూ, మీరు చెప్పిన నిబంధన ప్రకారమే అతను ఆడాడు. చేతులు తెరిచి పెట్టడం తూకం కోసం. చేతులు జేబులో పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడమంటారా?

లైన్స్‌మన్:
తెరిచి పెట్టడం వేరు, వెనకవాడి ఛాతీ మీద పెట్టడం వేరు. చెయ్యి ఎక్కడుంది అన్నది కాదు, ఏం చేస్తోంది అన్నది ముఖ్యం.

పదో_నంబర్:
మకెలెలే చొక్కా పట్టుకుని లాగినప్పుడు ఆ చెయ్యి ఏం చేస్తోందండీ, ఆశీర్వదిస్తోందా?

లైన్స్‌మన్:
నేను మకెలెలే గురించి మాట్లాడలేదు. మోచెయ్యి గురించి మాట్లాడాను.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
కార్నర్ జెండా దగ్గర బంతిని పెట్టుకుని టైం తినేవాళ్ళు లెక్కలోకి వస్తారా? నాకు వాళ్ళంటే ఒళ్ళు మంట.

స్టాపర్_బాబాయ్:
వాళ్ళే నయం. ఎందుకు దాచుకుంటున్నారో వాళ్ళకి తెలుసు. మనం గెలుస్తున్నాం, టైం అయిపోవాలి, అంతే. నా మంట మైదానం మధ్యలో, ఏ పనీ లేకుండా, చుట్టూ మనుషుల్ని పోగేసుకుని ముద్దు చేసేవాళ్ళ మీద. పోగొట్టుకుంటారు కదా ఎప్పుడో ఒకసారి? అప్పుడు పరిగెత్తేది ఎవరు? వెనక ఇద్దరమే ఉంటాం. గోల్ పడితే పేపర్లో "డిఫెన్స్ వైఫల్యం". పదో నంబర్ వాడు నడుం మీద చేతులేసుకుని చూస్తుంటాడు. సోమరితనానికి కళ అని పేరు పెట్టారు.

పదో_నంబర్:
సోమరి. ఈ మాట కోసమే చూస్తున్నాను. ఎవరో ఒకరు అంటారని తెలుసు.

2006 జూన్ 30, బెర్లిన్, వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. మన టైం రాత్రి ఎనిమిదిన్నర. ఆ "సోమరి" వేసిన కార్నర్‌కే అయాలా తలతో గోల్ కొట్టాడు. జర్మనీ మీద అర్జెంటీనా 1–0. 72వ నిమిషంలో కోచ్ పెకెర్మాన్ రికెల్మేని బయటికి పిలిచి కాంబియాస్సోని దించాడు. డిఫెన్స్ గట్టిపడుతుందని! బంతిని దాచగలిగే ఒకే ఒక్కడు బెంచీ మీదికి పోయాడు. బంతి అక్కణ్ణుంచి ఎవరిది? జర్మనీది. 80వ నిమిషంలో క్లోజె గోల్ కొట్టి సమం చేశాడు. తర్వాత పెనాల్టీలు, ఆఖరిది జర్మనీ గోల్‌కీపర్ లేమన్ ఆపేశాడు. కొట్టింది ఎవరో తెలుసా? ఆ కాంబియాస్సోనే.

బంతి మన దగ్గర ఉంటే ఎదుటివాడు గోల్ ఎట్లా కొడతాడు బాబాయ్? దానికంటే పెద్ద డిఫెన్స్ ఏముంది?

స్టాపర్_బాబాయ్:
గోల్‌కీపర్ అబ్బొందాంజియేరి దెబ్బతిని బయటికెళ్ళాడని ఎందుకు రాయలేదు? ఒక సబ్‌స్టిట్యూషన్ అక్కడే పోయింది. రికెల్మే అప్పటికే అలిసిపోయాడు, మ్యాచ్ నేనూ చూశాను. ఇంకో మాట. అదే ఏడాది ఏప్రిల్లో ఛాంపియన్స్ లీగ్ సెమీస్, రికెల్మే క్లబ్ విల్లారియల్‌కి ఆర్సెనల్ మీద ఆఖరి నిమిషంలో పెనాల్టీ. కొట్టిందెవరు? మీ రికెల్మే. ఆపిందెవరు? అక్కడా లేమనే.

పదో_నంబర్:
పెనాల్టీ పోవడానికీ బంతి కాచుకోవడానికీ ఏం సంబంధం?

తార్నాక_కుర్రోడు:
దెంబెలే గురించి ఎవరన్నా మాట్లాడుతరా?

లైన్స్‌మన్:
2016లో చెల్సీ మీద డియెగో కోస్తా కంట్లో వేలు పెట్టి ఆరు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు మీ దెంబెలే. చేతుల గురించి నేను చెప్పేది ఇదే.

తార్నాక_కుర్రోడు:
అప్పుడు కాళ్ళ దగ్గర బంతే లేదు సార్.

స్టాపర్_బాబాయ్:
ఆటంటే పదకొండు మంది. మన హైదరాబాద్ సంగతే చూడండి. మన పాత కోచ్ రహీం సాబ్ నాన్‌ డ్రిబ్లింగ్ పోటీలు పెట్టించారు. బంతి రాగానే ఇచ్చెయ్యాలి, దాచుకోవడం లేదు. ఆయన నడిపిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు తెచ్చింది. ఇండియాకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం, రెండుసార్లూ కోచ్ ఆయనే. ఆ మట్టిలో పుట్టి మనం అర్జెంటీనా వాడి నడుముకి దండం పెడుతున్నాం.

పదో_నంబర్:
ఆ ఇండియా జట్లలోనే మన సికింద్రాబాద్ బలరాం ఉన్నాడు. బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇద్దర్ని తప్పించగలిగినవాడు. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టలేదు, ఆడించాడు. ఒక్క తాకుడుతో ఇచ్చెయ్యడం నేర్పడం వేరు, కాచుకోగలిగినవాణ్ణి తీసి పారెయ్యడం వేరు.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఇంటర్ కాలేజీ ఫైనల్. మా కాలేజీ పేరెందుకు. 1–0 ముందున్నాం, ఇరవై నిమిషాలుంది. నేను బంతి పట్టుకుని, ఫౌల్ తెచ్చుకుని, మావాళ్ళకి కాస్త ఊపిరి ఇస్తున్నాను. కోచ్ అరిచాడు, "సర్కస్ చాలు, బయటికి రా" అని. చొక్కా విప్పి బెంచీ మీద కూర్చున్నాను. రెండు గోల్స్ పడ్డాయి. బస్సులో ఎవరూ మాట్లాడలేదు నాతో. నేను దాచుకోవడం వల్లే జట్టు లయ పోయిందన్నారు తర్వాత. బయట కూర్చున్నవాడి వల్ల లయ ఎట్లా పోతుంది? ఆ ఏడాది తర్వాత బూట్లు వేసుకోలేదు. రికెల్మేని పిలిచిన నిమిషం టీవీ కట్టేశాను, క్లోజె గోల్ మర్నాడు పేపర్లో చూశాను.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు:
ఓహో. అందుకా పేరు పదో నంబర్.

స్టాపర్_బాబాయ్:
ముందే చెప్పొచ్చు కదయ్యా. నేనేదో రికెల్మే గురించి కొట్లాడుతున్నాననుకున్నాను.

చూడు తమ్ముడూ, నాకూ ఒకటుంది. నేను ఆఖరిసారి ఆడిన మ్యాచ్‌లో మా పదో నంబర్ సెంటర్ సర్కిల్లో బంతి పోగొట్టాడు. వాళ్ళు ముగ్గురు, నేనొక్కణ్ణి. గోల్. మా కార్యదర్శి నన్ను తిట్టాడు, వాణ్ణి కాదు. వాడు ముద్దుబిడ్డ. పరిగెత్తినవాడికి తిట్లు, పోగొట్టినవాడికి చప్పట్లు. నీకు నమ్మకం దక్కలేదు, నాకు న్యాయం దక్కలేదు.

పదో_నంబర్:
అంటే నేను పోగొట్టలేదని ఒప్పుకుంటున్నారా?

స్టాపర్_బాబాయ్:
చూడని మ్యాచ్ గురించి ఎట్లా ఒప్పుకుంటాను? ఒకటి చెప్పు. నీ బదులు ఎవర్ని దించారు?

పదో_నంబర్:
ఇంకో స్టాపర్‌ని.

లైన్స్‌మన్:
ఆ ఫౌల్స్ తెచ్చుకున్నానన్నారే, అప్పుడు మీ మోచెయ్యి ఎక్కడుందో గుర్తుందా?