పాత జెడ్440 కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే పనవుతుందా?

నమస్కారమండీ. గుంటూరు అరండల్‌పేటలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ మాది. వాడేది సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ జెడ్440: జియాన్ ఈ5-1650 వీ3 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, పాత క్వాడ్రో గ్రాఫిక్స్ కార్డు, 700 వాట్ల పవర్ సప్లై. ఫుల్ హెచ్‌డీ పని ఇన్నాళ్లూ చకచకా సాగింది. ఇప్పుడు కెమెరా కుర్రాళ్లు 4కే, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే పద్ధతి) హెచ్.265 వీడియో ఫార్మాట్‌లో తీసి తెస్తున్నారు. తలంబ్రాల క్లిప్ ప్లే చేస్తే బియ్యం గాల్లోనే ఆగిపోతోంది, సన్నాయి మాత్రం మోగుతూనే ఉంటుంది.

ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులో 12 జీబీ మెమరీ ఉంది గానీ ఈ 4:2:2 ఫైళ్లను హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయదు, అంటే ప్లే చేసే భారం కార్డు తీసుకోదు. ఆర్‌టీఎక్స్ 5060 చేస్తుంది. కానీ అది 8 లేన్ల (డేటా దారుల) కార్డు, నా బోర్డులో కార్డు పెట్టే స్లాటేమో పాత తరం పీసీఐఈ 3.0. ఎడిటింగ్‌లో ఆ తేడా తెలుస్తుందా? ఇదే మోడల్‌లో వేసినవాళ్లున్నారా, బయోస్ (కంప్యూటర్‌ను స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) ఏమైనా పేచీ పెట్టిందా? కార్డుకు కరెంటిచ్చే 6 పిన్ వైర్లకు 8 పిన్ కన్వర్టర్ తగిలించడం మన మే నెల ఎండల్లో సేఫేనా? నా అసలు టెన్షన్ అదే.

ర్యామ్ సంగతి తెలుసు, సర్వర్లలో వాడే రకం రిజిస్టర్డ్ ఈసీసీ డీడీఆర్4 తప్ప మామూలువి పనిచేయవు. బెజవాడలో అవి నమ్మకంగా దొరికే చోటుంటే చెప్పండి. విండోస్ 11కి ఈ ప్రాసెసర్ అధికారిక జాబితాలో లేదు కాబట్టి, దీనిమీద ఇంకా డబ్బు పెట్టడం దండగంటారా? శ్రావణం ముహూర్తాలలోపు తేల్చుకోవాలి.