ఏడు నుంచి పదో తరగతి వరకు నానో టెక్నాలజీ, ఆధునిక భౌతికశాస్త్రం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – ఉపాధ్యాయురాలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నల్గొండ జిల్లా

అందరికీ నమస్కారం. మా బడిలో ఏడు నుంచి పదో తరగతి వరకు చదివే సైన్స్ క్లబ్ పిల్లలకు ఈ సంవత్సరం శనివారాలు చివరి పీరియడ్లలో నానో టెక్నాలజీ గురించి, దానికి ఆధారమైన ఆధునిక భౌతికశాస్త్రం గురించి చెప్పాలని అనుకుంటున్నాను. పిల్లల్లో ఆసక్తికి కొదవ లేదు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు అని అడగ్గానే చెబుతారు. కానీ నానోమీటరు పెద్దదా, బాక్టీరియా పెద్దదా అని అడిగితే చాలామంది ఊహించి చెబుతున్నారు. పదో తరగతి వారు క్వాంటం సంఖ్యలు, ఎలక్ట్రాన్ విన్యాసాలు తప్పు లేకుండా రాస్తారు గాని, కాంతి శక్తి విడివిడి ప్యాకెట్లుగా వస్తుందని ఎందుకు నమ్మాలో వారికి ఎవరూ చూపించలేదు.

వీడియోలు చూపించి సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మా ప్రయోగశాలలో మల్టీమీటర్లు, బ్యాటరీలు, గాజు సామగ్రి, కొద్దిపాటి రసాయనాలు ఉన్నాయి. వీటితో పిల్లలు తమ చేతులతో చేసి నమ్మగలిగే ప్రయోగాలు ఏవి? ఏ తరగతికి ఎంతవరకు చెప్పవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1 – విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం

మేడమ్ గారికి నమస్కారం. నా అభిప్రాయంలో పిల్లవాడు ఒక్కసారైనా నానోమీటరును తానే కొలిచేవరకు ఆ మాట అతనికి అంకెగానే మిగిలిపోతుంది. అందువల్ల పరమాణు సిద్ధాంతం కన్నా ముందు కొలత పెట్టండి. స్కేలు, సిరంజి, వెడల్పాటి ట్రే ఉంటే అణువు పొడవును కొలవవచ్చు.

1 మి.లీ. ఒలీక్ ఆమ్లాన్ని (నూనెల్లో ఉండే ఒక కొవ్వు ఆమ్లం) ఆల్కహాలుతో కలిపి 20 మి.లీ. చేయండి. అందులోంచి 1 మి.లీ. తీసి మళ్లీ ఆల్కహాలుతో 20 మి.లీ. చేయండి. ఇప్పుడు ద్రావణంలో నాలుగు వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఆమ్లం. సిరంజితో 1 మి.లీ.కి ఎన్ని చుక్కలు పడతాయో పిల్లల చేతనే లెక్కపెట్టించండి. ఆల్కహాలు చుక్కలు చిన్నవి కాబట్టి 50 దాకా పడవచ్చు. ట్రేలో నీరు పోసి, నిశ్చలంగా ఉన్న నీటి మీద సన్నని పౌడరు అతి పలుచగా చల్లి, మధ్యలో ఒక చుక్క వేయాలి. రెప్పపాటులో పౌడరు చుట్టూ జరిగిపోయి, అంచులు కొంచెం వంకరగా ఉన్న తేటని వలయం ఏర్పడుతుంది. పైన చెప్పిన లెక్కన దాని వ్యాసం సుమారు 18 సెం.మీ. వస్తుంది. చుక్కలోని ఆమ్లం ఘనపరిమాణాన్ని ఆ వలయం వైశాల్యంతో భాగిస్తే పొర మందం దాదాపు 2 నానోమీటర్లు అని తేలుతుంది. ఆ పొర ఒకే అణువు మందం ఉంటుంది కాబట్టి అణువు పొడవూ అదే.

ఇందులో రెండు చోట్ల ఆగండి. మొదట ఒట్టి ఆల్కహాలు చుక్క వేసి చూపించాలి. వలయం తెరుచుకుని, ఆల్కహాలు నీటిలో కలిసి ఆవిరవుతూ ఉండగా మళ్లీ మూసుకుపోతుంది. ఆమ్లం ఉన్నప్పుడు మాత్రమే నిలుస్తుంది. ఇది చూపకపోతే వలయం దేనివల్ల వచ్చిందని అడిగే తెలివైన పిల్లకు మన దగ్గర జవాబు ఉండదు. తరువాత అదే వలయంలో రెండో చుక్క వేసే ముందు వ్యాసం ఎంత అవుతుందో రాయమనండి. చాలామంది 36 అని రాస్తారు. వచ్చేది 25 సెం.మీ. దరిదాపుల్లో. రెట్టింపయ్యేది వైశాల్యమేనని, అంటే పొర మందం మారడం లేదని, వారంతట వారే పట్టుకునే ఆ నిమిషం కోసం పీరియడంతా వెచ్చించినా తప్పు లేదు.

దీని చరిత్ర కూడా చెప్పండి. ఒక చెంచాడు నూనె లండన్‌లోని క్లాఫమ్ చెరువు మీద సుమారు అర ఎకరం మేర పరుచుకున్నదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో ప్రచురించారు గాని, మందం లెక్క కట్టలేదు. 5 మి.లీ.ను 2000 చదరపు మీటర్లతో భాగిస్తే 2.5 నానోమీటర్లు వస్తుంది. ఆ పని 1890లో లార్డ్ రేలీ చేశారు. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అనే మహిళ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టకుండానే తన వంటింట్లో ఇలాంటి నీటి పొరల మీద పరిశోధన చేయగా, రేలీ చొరవతో ఆమె లేఖ 1891లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఆడపిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

సమాధానం 2 – పరిశోధక విద్యార్థిని, నానో పదార్థాలు, హైదరాబాద్

పైన సార్ చెప్పిన ప్రయోగం పరిమాణానికి సరిపోతుంది. శక్తి ప్యాకెట్ల గురించి నేను రాస్తాను. చీకట్లో మెరిసే నక్షత్రాల స్టిక్కర్లు స్టేషనరీ దుకాణాల్లో దొరుకుతాయి. వాటిని ముందు రోజు నుంచి మూసిన పెట్టెలో ఉంచి, చీకటి గదిలో బయటకు తీయండి. మంచి వెలుగు ఇచ్చే ఎర్ర ఎల్ఈడీని స్టిక్కరుకు ఆనించి ఒక నిమిషం ఉంచినా మచ్చ పడదు. రెండు, మూడు ఎర్ర ఎల్ఈడీలు కలిపి పెట్టినా పడదు. మసకగా వెలిగే ఒక్క నీలం ఎల్ఈడీని రెండు సెకన్లు ఆనించి తీస్తే ఆ చోట ఆకుపచ్చని చుక్క స్పష్టంగా మెరుస్తుంది. కాంతి శక్తి ఎడతెగకుండా ప్రవహించి పోగయ్యేదైతే ఎక్కువసేపు ఉంచిన ఎర్ర కాంతి కూడా పని చేయాలి గదా అని అడిగి, పిల్లలను మాట్లాడనివ్వండి. ఒక్కో ప్యాకెట్టు శక్తి రంగును బట్టి ఉంటుందని, సరిపోని ప్యాకెట్లు ఎన్ని వచ్చినా లాభం లేదని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలుగుతారు. 1905లో ఐన్‌స్టీన్ కాంతి విద్యుత్ ఫలితాన్ని (కాంతి పడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడటాన్ని) వివరించిన తీరులోని తర్కం ఇదే.

పదో తరగతికి దీన్ని అంకెల్లోకి తీసుకెళ్లవచ్చు. 9 వోల్టుల బ్యాటరీ, పొటెన్షియోమీటరు, ఒక నిరోధం, మల్టీమీటరు చాలు. ఎల్ఈడీకి నల్ల కాగితం గొట్టం తొడిగి, వోల్టేజీని మెల్లగా పెంచుతూ, వెలుగు తొలిసారి కనిపించినప్పటి రీడింగు రాయాలి. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ (అంటే ఒక కాంతి ప్యాకెట్టు) శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది: 630 నానోమీటర్ల ఎరుపుకు 1.97, 470 నానోమీటర్ల నీలానికి 2.64. మీ రీడింగులు వీటికన్నా కొంత తక్కువగా వస్తాయి, కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే క్రమం తప్పదు. పైకప్పు పారదర్శకంగా ఉన్న ఎల్ఈడీలనే కొనండి. రంగు ప్లాస్టిక్కు ఉంటే రంగంతా దానిదే అనుకుంటారు. తెల్ల ఎల్ఈడీ ఈ పట్టికలో పనికిరాదు, అది ఫాస్ఫర్ (నీలం కాంతిని తీసుకుని వేరే రంగుల కాంతినిచ్చే పదార్థం) పూత వేసిన నీలం ఎల్ఈడీయే.

ఈ రెండూ అయ్యాక నానోకు తిరిగి రండి. కాడ్మియం సెలినైడ్ కణం సుమారు 2 నానోమీటర్లు ఉంటే నీలం వైపు, 6 నానోమీటర్లు ఉంటే ఎరుపు వైపు కాంతినిస్తుంది. పదార్థం మారలేదు, పరిమాణమే మారింది. వీణ మీద మెట్టు దగ్గర తీగను నొక్కి పొడవు తగ్గించినప్పుడు స్వరం పైకి పోయినట్లే, ఎలక్ట్రాన్‌కు దొరికే చోటు ఇరుకైన కొద్దీ దాని శక్తి స్థాయిల మధ్య ఎడం పెరుగుతుంది. ఈ క్వాంటం చుక్కలకే 2023లో బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వీటిని బొమ్మల్లోనే చూపండి. కాడ్మియం విషపదార్థం కాబట్టి బడిలోకి తేవద్దు.

సమాధానం 3 – స్కూల్ అసిస్టెంట్, ఖమ్మం జిల్లా

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ ఏడో తరగతికి ఫోటాన్ మాట అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఆ వయసుకు ఉపరితల వైశాల్యం చాలు, అది నిజానికి నానోలో సగం విషయం. 1 సెం.మీ. ఘనానికి ఉపరితలం 6 చదరపు సెం.మీ. దాన్ని 1 మి.మీ. ఘనాలుగా కోస్తే 60. నానోమీటరు ఘనాలుగా కోయగలిగితే 6000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరన్నర పొలం. పల్లెటూరి పిల్లలకు ఎకరన్నర అంటే ఎంతో మనం చెప్పనక్కరలేదు. గుడ్డు పెంకు ముక్కను, అంతే బరువున్న పెంకు పొడిని వేర్వేరుగా నిమ్మరసంలో వేసి నురుగు వచ్చే వేగం పోల్చమనండి. సుద్దముక్కతో చేయవద్దు, మనకు దొరికేవి ఎక్కువగా జిప్సంతో చేసినవి, అవి పొంగవు. చేమాకు మీద నీటిబొట్టు దొర్లడం చూపి, ఆకును వేలితో గట్టిగా రుద్ది మళ్లీ నీరు వేయమనండి. బొట్టు అంటుకుంటుంది. ఆకు మీది అతిసూక్ష్మమైన మైనపు బొడిపెలు చెదిరిపోవడమే కారణం.

తొమ్మిదో తరగతికి కొల్లాయిడ్ (సూక్ష్మ కణాలు కరగకుండా తేలాడే మిశ్రమం) పాఠాన్నే వాడుకోండి. గ్లాసు నీటిలో రెండు చుక్కల పాలు వేసి టార్చి వేస్తే కనిపించే టిండాల్ ప్రభావం (కణాలు కాంతిని చెదరగొట్టడం వల్ల కాంతి దారి కనబడటం) నానో కణాల ఉనికికి సాక్ష్యమే. పాలలోని కేసిన్ కణాలు 100 నుంచి 200 నానోమీటర్ల స్థాయిలో ఉంటాయి. కొత్త పాఠం అక్కరలేకుండానే విషయం వస్తుంది.

మరొక మనవి. ఎలక్ట్రాన్‌ను సూర్యుని చుట్టూ గ్రహంలా తిరిగే గుండుగా బొమ్మ గీసి చూపితే, తరువాత ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న చోటు) చెప్పేటప్పుడు దాన్ని చెరపడానికి మనమే కష్టపడాలి. బోర్ నమూనా (ఎలక్ట్రాన్ కొన్ని నిర్దిష్ట శక్తి స్థాయిల్లోనే ఉంటుందనేది) చెప్పండి, అది హైడ్రోజన్ వర్ణపట రేఖలను వివరించిందని చెప్పండి, రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే ఆగిపోయిందని కూడా అదే రోజు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఏడు, ఎనిమిది తరగతుల వారికి గుడ్డు పెంకు, చేమాకు, స్టిక్కర్లు. తొమ్మిది, పది వారికి నూనె పొర, ఎల్ఈడీలు అని విడదీస్తున్నాను. ఒక సందేహం: మా దగ్గర పెద్ద ట్రే లేదు, స్టీలు పళ్లెం సరిపోతుందా? నీటి మీద చల్లడానికి సాధారణంగా వాడే లైకోపోడియం పొడి (ఒక మొక్క సిద్ధబీజాల సన్నని పొడి) దొరకకపోతే ఏం వాడాలి?

సమాధానం 1 ఇచ్చినవారు

40 సెం.మీ. వెడల్పు ఉంటే పళ్లెమైనా ఫరవాలేదు, కానీ వలయం అంచు పళ్లేన్ని తాకితే ఆ కొలత పనికిరాదు. పళ్లెం చిన్నదైతే ద్రావణాన్ని మరోసారి రెట్టింపు పలుచన చేయండి. తెల్లని పౌడరు స్టీలు మీద సరిగా కనబడదు కాబట్టి అడుగున నల్ల ప్లాస్టిక్ షీటు పరిస్తే మంచిది. మామూలు టాల్కం పౌడరును పలుచని గుడ్డలో మూటకట్టి నీటిపై తట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, పళ్లేన్ని సబ్బుతో తోమితే కనీసం నాలుగైదు సార్లు మంచినీటితో కడగాలి. సబ్బు ఏమాత్రం మిగిలినా నూనె పరుచుకోదు. ఆల్కహాలు దగ్గర స్పిరిట్ దీపం వెలిగించవద్దు.